పీకో మిషను మీద ఎవరు కూర్చుంటారు

పంజాగుట్ట,
జూన్, ఆదివారం సాయంత్రం

పూజ్యులైన పెదబాపు ఎల్లేశం గారికి, మీ తమ్ముడి కూతురు సంహిత నమస్కరించి వాదించునది.

ఈ మధ్యాహ్నం మీ ఇంట్లో భోజనాల దగ్గర మన సంభాషణ అసంపూర్తిగా ముగిసింది. "ఫోన్లనైనా ఎదురుంగనైనా నువ్వు నన్ను నోరు తెరువనియ్యవు. ఏదున్నా కాయిదం మీద రాసి పంపు. తాపీగ సదువుకుంట, నేను సుత రాస్త" అని మీరు అన్నారు. అందువల్ల, అమీర్‌పేటకు మెట్రోలో ఒక్క స్టేషను దూరంలో ఉండి కూడా ఈ ఉత్తరం రాస్తున్నాను. మీ కటింగ్ మాస్టర్ జగదీశ్ అన్న రోజూ మా హాస్టల్ ముందు నుంచే దుకాణానికి వస్తాడు కనుక, తపాలా శాఖకు శ్రమ లేదు.

వివాదాంశం మీ కూతురు, మా చెల్లి బిందు. మీ గల్లీలోని బడి ఎనిమిదో తరగతితో ముగుస్తుంది. చెల్లి ఎనిమిది పూర్తి చేసింది. తొమ్మిదికి మెట్రో లైను అవతలి హైస్కూల్లో చేర్చాలి. మీరు చేర్చనన్నారు. మీ టైలరింగ్ దుకాణంలో చీరల అంచులు కుట్టే పీకో మిషను ముందు కూర్చోబెడతానన్నారు. కారణం అడిగితే, "పద్నాలుగేండ్ల దాంక సదువుమని సర్కారే కాయిదం రాసింది. సర్కారు కన్న నాకెక్కువ ఎరుకనా?" అన్నారు.

పెదబాపూ, సర్కారు చెప్పింది కనీసం. మీరు దాన్ని గరిష్ఠంగా చదివారు. జాకెట్టుకు కనీసం ఎంత గుడ్డ కావాలో మీరు దుకాణంలో బోర్డు రాసి పెడితే, అంతకు మించి తెచ్చినవాళ్లను లోపలికి రానివ్వనని దాని అర్థం కాదు. అయితే తప్పు మీ ఒక్కరిదే అనను. కనీసాన్ని ఎనిమిదేళ్ల చదువు దగ్గర ఆపిన చట్టానిదీ తప్పే. ఆ కనీసాన్ని పన్నెండేళ్లకు పొడిగించాలన్నది నా స్థిరమైన అభిప్రాయం.

చదువు హక్కు పద్నాలుగేళ్లకు ముగుస్తుంది. ఓటు హక్కు పద్దెనిమిదేళ్లకు మొదలవుతుంది. మధ్యనున్న ఆ కాలంలో ఈ దేశం తన పిల్లల్ని ఎవరికి అప్పగించినట్టు? పద్నాలుగేళ్ల పిల్లకు తానేం కాదలచుకుందో ఇంకా తెలియదు. ఆమెకు తెలియనప్పుడు ఇతరులు నిర్ణయిస్తారు. చదువును పొడిగించడమంటే, ఆ నిర్ణయం ఆమె చేతికి అందేదాకా దాన్ని వాయిదా వెయ్యడమే. మరొకటి. ఎనిమిదేళ్ల చదువు ఒక కాగితం మీద ఏముందో చదవడానికి సరిపోతుంది. అందులో ఏం లేదో కనిపెట్టడానికి సరిపోదు.

ఖండించగలిగితే ఖండించండి. లేదా చెల్లిని చేర్పించండి.

సవినయంగా, వెనక్కి తగ్గకుండా,
సంహిత

తా.క. కోడికూరలో ఉప్పు తక్కువైందన్న నా వ్యాఖ్యను ఉపసంహరించుకుంటున్నానని పెద్దమ్మకు చెప్పండి. అది వాదనలో వేడి వల్ల వచ్చిన మాట. ఉప్పు మాత్రం తక్కువే.

~

అమీర్‌పేట,
మంగళవారం, గిరాకి లేని టైము

బిడ్డ సంహితకు, నీ పెదబాపు దీవించి రాసేది. ఇక్కడ అందరం మంచిగున్నం. నీ ఉత్తరం రాకముందు ఇంక మంచిగుంటిమి.

కోచింగు కరపత్రం వెనుక రాస్తున్ననని ఏమనుకోకు. పొద్దున షట్టర్ లేపంగనే మనిషికొక కట్ట చేతుల పెట్టి పోతరు. వెనుక తెల్లగనే ఉంటది, పాడెందుకు చెయ్యాలె.

నీ ఉత్తరం దుకాణంల అందరికి సదివి వినిపించిన. జగదీశ్ కత్తెర పక్కకు పెట్టి, "అన్నా, ఇది ఉత్తరమా, కోర్టు నోటీసా?" అన్నడు. మీ పెద్దమ్మ కాంతవ్వ "ఆ ఉప్పు సంగతి జర మల్ల సదువు" అన్నది. మల్ల సదివిన. ఆమె మూడోసారి సుత సదివిచ్చింది. ఎందుకో నీకు తెలుసు కదా.

ఇగ నా జవాబు. మా దుకాణం మీద నాలుగంతస్తులు కోచింగు సదువుడే. మొన్న ఒక పిలగాడు మా మెట్ల మీద కూసొని పుస్తకం తిరగేస్తుండు. "ఏం సదివినవ్ నాయనా?" అన్న. "బీటెక్ అన్నా" అన్నడు. "మరి ఇప్పుడేం సదువుతున్నవ్?" అన్న. "పని అన్నా" అన్నడు. గంత సదివినోడు పని నేర్సుకోనీకె ఊరిడిసి అచ్చి ఫీజు కట్టిండు. నేను మా బిందుకు పని ఊకెనే నేర్పుత అంటున్న. ఇద్దర్ల ఎవలు ముందున్నట్టు?

మిషను మీద కూసున్నోళ్ళకు సుత సదువు అస్తది బిడ్డా. చీర రంగు చూసి దారం ఎంచాలె. కోపం మీద అచ్చిన గిరాకిని నవ్వుకుంట తిరిగి పంపాలె. బడిల గిది ఎవలు చెప్తరు?

ఇంకొక మాట. ఆ ఎనిమిదేండ్లల్ల మా పొల్లకు లెక్కలు సరింగ రాలే. సార్లు సగం రోజులు రాకపోతుండె. మంచిగ లేని సదువును పొడుగు చేస్తె ఏమైతది? కొలత తప్పిన జాకెట్టుకు పొడుగు చేతులు పెట్టినట్టయితది.

నీ మాటలన్ని పెద్దగనే ఉన్నయ్ గాని, నేను అన్నం తినేటప్పుడు అడిగిన దానికి జవాబు రాయలే. ఇదివరకు పీకో కుట్టిన సుమశ్రీ పెండ్లి చేస్కొని పోయింది. పీకో మిషను మీద ఎవరు కూసుంటరు?

ఉంటా,
నీ పెదబాపు

తా.క. ఈ కాయిదం ముందర దిక్కున్నది తొందరగ ఇంగ్లీషు మాట్లాడుడు నేర్పే కోర్సు. నీకు అక్కరలేదు. తొందరగ మాట్లాడుడు ఆపే కోర్సు ఉన్నదేమో పై అంతస్తుల కనుక్కుంట.

~

పంజాగుట్ట,
బుధవారం

గౌరవనీయులైన పెదబాపు గారికి, కోర్సు అవసరం లేని సంహిత నమస్కారాలు.

మీ వాదనలు చదివాను. బలంగా ఉన్నాయి. కనుక వాటిని కూల్చడం నా బాధ్యత.

మీ మెట్ల మీద కూర్చున్న ఆ యువకుడు పదహారేళ్లు చదివిన తర్వాత కూడా ఇంకొకటి మొదలుపెట్టగలిగాడు. ఎనిమిదితో ఆగిన పిల్లకు ఆ మెట్ల మీద పుస్తకం తెరిచే అర్హత సైతం ఉండదు. మీ భవనంలోని ఏ అంతస్తుకైనా వెళ్లి అడగండి, "ఎనిమిదో తరగతి పాసైన అమ్మాయికి ఏ కోర్సుంది?" అని. నీళ్ల సీసా ఇచ్చి మర్యాదగా కిందికి పంపుతారు. చదువును పొడిగించవలసింది ఆ చివర కాదు, ఈ చివర.

పని కూడా చదువే అన్నారు. అంగీకరిస్తాను. కానీ ఆ చదువు ఒక్క దుకాణానికే చెల్లుతుంది. దుకాణం మూతపడిన రోజున ఆ పట్టా ఎవరికి చూపాలి?

ఇక జాకెట్టు ఉపమానం. మంచి ఉపమానం, దాచుకుంటున్నాను. కానీ పెదబాపూ, కొలత తప్పితే మీరు కుట్టు విప్పి మళ్లీ కుడతారు. గిరాకిని ఇంటికి పంపరు. బడి బాగాలేకపోతే బడిని విప్పి కుట్టాలి. పిల్లను పంపెయ్యడం ఏ దర్జీ న్యాయం?

సర్కారు అంకె శిలాశాసనం కాదు. జనం అడిగితే చట్టాలు మారతాయి. ఎన్నో దేశాలు ఈ పాటికే పదేళ్లనీ పన్నెండేళ్లనీ రాసుకున్నాయి. చట్టం మారేదాకా ఆగవలసిన పని మీకు లేదు. మీ ఇంటి వరకు మీరే చట్టసభ.

పీకో మిషను ప్రశ్న నిర్వహణకు సంబంధించినది, సిద్ధాంతానికి సంబంధించినది కాదు. కనుక ప్రస్తుతానికి పక్కన పెడుతున్నాను.

ఒక ఆహ్వానం. వచ్చే వారం సోమాజిగూడలో కళాశాలల మధ్య వక్తృత్వ పోటీ తుది ఘట్టం. "నిర్బంధ ప్రాథమిక విద్యాకాలాన్ని పన్నెండేళ్లకు పొడిగించాలి" అన్నదే చర్చనీయాంశం. మా కళాశాల తరఫున నేను మాట్లాడుతున్నాను. కుటుంబసమేతంగా విచ్చేయండి. కాగితం మీద మిగిలిన సందేహాలు అక్కడ తీరతాయి.

మీ విధేయురాలు,
సంహిత

తా.క. ఉత్తరం ఇస్తూ జగదీశ్ అన్న, "ఏందమ్మా, పెదబాపు నువ్వు కొట్లాడుకుంటున్నరా?" అని అడిగాడు. కొట్లాట కాదు, అభిప్రాయాలు ఇచ్చి పుచ్చుకుంటున్నామన్నాను. "మా ఇంట్ల సుత రోజు గదే నడుస్తది. మొన్న గ్లాసు పలిగింది" అన్నాడు.

~

అమీర్‌పేట,
శనివారం

బిడ్డ సంహితకు, ఓడిపోయిన పెదబాపు దీవించి రాసేది.

గెలిచినవ్. కుట్టు విప్పుతరు గాని గిరాకిని పంపరు అన్న మాట నాకు గుచ్చుకున్నది. నువ్వు చెప్పినట్టె పై అంతస్తులకు సుత పోయి అడిగిన. నీళ్ళ సీసా సుత ఇయ్యలే.

నిన్న బిందును తీసుకొని హైస్కూలుకు పోయిన. పెద్ద మేడం పేరు సీతామహాలక్ష్మి. ఆమెది రాజమండ్రి దిక్కట. "ఏంటండీ, బడి తెరిచి ఇన్ని రోజులైతే ఇప్పుడా రావడం?" అన్నది. "మా తమ్ముని బిడ్డతోని ఉత్తరాలు నడుస్తుండె మేడం" అన్న. ఆమె నా దిక్కు చూసి కళ్ళద్దాలు తీసి తుడుసుకొని మల్ల చూసింది. తొమ్మిదిల రాసుకున్నది. బిందు అచ్చేటప్పుడు మెట్రో కింద రోడ్డు దాటినంక నా చెయ్యి ఇడిసిపెట్టి ముందు నడిసింది. దానికి మస్తు ఖుషీ అయితె గట్లనే నడుస్తది.

నీ సభకు అందరం వస్తున్నం. దుకాణం ఒక పూట బందు పెడ్త. గిరాకికి చెప్తున్న, "మా బిడ్డ మాట్లాడుతది, జాకెట్లు ఎల్లుండి" అని.

నీ పెదబాపు

తా.క. పీకో మిషను మీద పాత చీర కప్పి పెట్టిన. నువ్వు పక్కకు పెట్టిన ప్రశ్న సుత దాని కిందనే ఉన్నది.

~

పంజాగుట్ట,
గురువారం

పూజ్యులైన పెదబాపు గారికి, విజేత సంహిత నమస్కరించి తెలియజేయునది.

నిన్నటి సభలో మీరంతా మూడో వరుస నిండా కూర్చోవడం చూశాను. నా ప్రసంగం ముగిసినప్పుడు సభలో మొదట లేచి నిలబడింది మీరే. మీరు కళ్లు తుడుచుకోవడం వేదిక మీది నుంచి కనిపించింది. ఫలితం వెలువడేసరికి మీరు వెళ్లిపోయారు. షీల్డు మాకే వచ్చింది. న్యాయనిర్ణేతల అధ్యక్షుడు అచ్యుతరావు గారు "ఈ అమ్మాయి మాటల్లో పనిచేసే చేతుల అనుభవం వినిపించింది" అన్నారు. ఆ అనుభవం మీ ఉత్తరంలోది. ఋణపడి ఉన్నాను.

ఇంతకు మించి రాయను. గెలుపు తర్వాత క్లుప్తత శోభిస్తుంది.

సంహిత

తా.క. అన్నింటికంటే ఎక్కువ చప్పట్లు మీ పొడుగు చేతుల జాకెట్టుకే పడ్డాయి.

~

అమీర్‌పేట,
శుక్రవారం

బిడ్డ సంహితకు, కండ్లు తెరుసుకున్న పెదబాపు దీవించి రాసేది.

నువ్వు గొప్పదానివి. ఎందుకంటున్ననంటె, తప్పు చేసినోళ్ళు మస్తుమంది ఉంటరు. చేసిన తప్పును గంతమంది ముందు, మైకు పట్టుకొని ఒప్పుకున్నోళ్ళను నేను ఎన్నడు చూడలే. పెదబాపుకు ఉత్తరంల రాస్తె చిన్నతనమయితదని సభల చెప్పినవ్. నాకు సమజైంది.

నువ్వేమన్నవ్? మంచిగ లేని బడిని పొడిగిస్తె పిల్లలకు శిక్షను పొడిగించినట్టే అన్నవ్. నిర్బంధం పెట్టుడంటె బీదోళ్ళ ఇంటి మీద ఇంకో భారం పెట్టుడే అన్నవ్. ఎనిమిదేండ్లు మంచిగ చెప్తె సాలు, ఆ తర్వాత చేతిపని సుత ఒక విశ్వవిద్యాలయమే అన్నవ్. దారం రంగు ఎంచే ఆడపిల్ల గురించి చెప్పినవ్. అన్ని నా మాటలే. ఇస్త్రీ చేసి చెప్పినవ్. నేను చెప్పినప్పుడు నాకే సగం నమ్మకం లేకుండె. నువ్వు చెప్తుంటె, ఎల్లేశం ఎంత తెలివిగలోడురా అనిపించింది. ఏడ్పొచ్చింది.

అందుకే ఆలస్యం చెయ్యలే. సభ నుంచి సీదా హైస్కూలుకు పోయి, మా పొల్లను మాన్పిస్తున్న అని చెప్పిన. మేడం "మళ్లీ ఉత్తరమొచ్చిందాండీ?" అన్నది. "లేదు మేడం, ఈసారి మైకుల చెప్పింది" అన్న.

బిందు నిన్నటి సంది పీకో మిషను మీద కూసుంటున్నది. నీ ప్రశ్నకు నా ప్రశ్నకు ఒక్కటే జవాబు దొరికింది.

ఫికర్ చెయ్యకు. నువ్వు ముందు తప్పు చెప్పినవని ఎవలు ఏమనరు.

నీ పెదబాపు

తా.క. బిందు నీతోని మాట్లాడను అంటున్నది. చిన్నపిల్ల. సభ సంగతులు దానికేం తెలుసు.

~

పంజాగుట్ట,
శుక్రవారం, ఉత్తరం చదివిన మరుక్షణం

పెదబాపు గారికి,

ఉపచారవాక్యాలకు వ్యవధి లేదు.

ఘోరమైన అపార్థం జరిగింది. వక్తృత్వ పోటీలో ఎవరు ఏ పక్షం మాట్లాడాలన్నది వక్త మనస్సు నిర్ణయించదు, చీటీ నిర్ణయిస్తుంది. పోటీకి ముందు ఒక గిన్నెలో రెండు చీటీలు వేస్తారు. ఒకదానిలో అనుకూలం, ఒకదానిలో ప్రతికూలం. నాకు ప్రతికూలం వచ్చింది. వచ్చిన పక్షాన్ని గెలిపించడమే వక్త ధర్మం. నా నమ్మకం నా ఉత్తరాల్లో ఉంది. వేదిక మీద ఉన్నది నా నైపుణ్యం మాత్రమే. ఈ సంప్రదాయం కళాశాలల్లో పసిపిల్లలకు కూడా తెలుసు.

మీకు ముందే చెప్పి ఉండవలసింది. చీటీ వచ్చేసరికి మీరు దారిలో ఉన్నారు. ఆ తర్వాత నేను గెలుపులో ఉన్నాను.

దయచేసి తక్షణం చెల్లిని మళ్లీ చేర్పించండి. విద్యాకాలాన్ని పొడిగించాలి. ఇది నా మాట. చీటీ మాట కాదు.

ఆందోళనతో,
సంహిత

తా.క. అనుకూలంగా మాట్లాడిన ప్రత్యర్థి రాకేశ్ నాలాగే పొడిగించాలని నిజంగా నమ్మేవాడు. నమ్మింది మాట్లాడినవాడు ఓడాడు, నమ్మనిది మాట్లాడిన నాకు షీల్డు వచ్చింది. షీల్డును ప్రస్తుతం గోడ వైపు తిప్పి పెట్టాను.

~

అమీర్‌పేట,
మంగళవారం

సంహితకు, నీ పెదబాపు ఆలోచన చేసి రాసేది.

నీ ఉత్తరం సదివిన. దుకాణంల అందరికి సదివి వినిపించిన. తర్వాత జగదీశ్ అడిగిండు. నేను అడుగుదామనుకున్నదే వాడు అడిగిండు.

మరి మాకు రాసిన ఉత్తరాలకు ఏ చీటీ వచ్చింది బిడ్డా?

కోపంతోని అడుగుతలేను. నువ్వు రాస్తె పొడిగించాలె అనిపించింది. నువ్వు మాట్లాడితె పొడిగియ్యద్దు అనిపించింది. రెండుమాట్ల నాకు నిజమే అనిపించింది. మీ పెద్దమ్మ "దుకాణంల అద్దం పెట్టినట్టుంది నీ తమ్ముని బిడ్డ. ఎవరు నిలబడితె వాళ్ళు మంచిగ కనపడతరు" అన్నది. అది పొగుడుడో తిట్టుడో నేను అడుగలే.

ఇప్పుడు దుకాణంల చీటీల ఆట మొదలైంది. చాయ్ టైముకు జగదీశ్ డబ్బల చీటీలు ఏస్తడు. నిన్న నాకు "చక్కెర ఎక్కువుండాలె" అని వచ్చింది. నాకు షుగర్ ఉన్నదని నీకెరుకే. అయినా మాట్లాడి గెలిచిన. రెండు చెంచాల చక్కెర ఏసుకొని తాగిన.

నేను ఒకటి ఖరారు చేసిన. మేడం వచ్చే సోమవారం దాంక బిందు పేరు కొట్టెయ్యనన్నది. ఆదివారం మన దుకాణంల సభ. నువ్వు ఒక దిక్కు, బిందు ఒక దిక్కు. చీటీ తీయాలె, ఏది వస్తె అది మాట్లాడాలె. మీ పెద్దమ్మ జడ్జి. ఏ మాట గెలిస్తె నేను గదే చేస్త. ఇంకోసారి మార్చ.

చీటీతోని పొల్ల సదువు తేల్చుడేంది అని రాస్తవ్. ముందు తేల్చింది నువ్వే.

నీ పెదబాపు

తా.క. జడ్జికి ఉప్పు సంగతి ఇంక యాదికున్నది. చెప్పుడు నా ధర్మం.

~

పంజాగుట్ట,
ఆదివారం, సభ ముగిసి వచ్చాక

పూజ్యులైన పెదబాపు గారికి, సంహిత నమస్కారాలు.

ఈనాటి సభ విషయమై ఒక వాస్తవాన్ని మీ దృష్టికి తేవడం అవసరం.

నా చీటీలో మళ్లీ "ఎనిమిది చాలు" అని వచ్చింది. ఆ క్షణంలో నా స్థితిని మీరు ఊహించాలి. గెలిస్తే చెల్లి బడికి దూరమవుతుంది. ఓడితే నేను ఓడిపోతాను. నాకు ఆ రెండో దానిలో పూర్వానుభవం లేదు.

ధర్మం ప్రకారం మొదలుపెట్టాను. సోమాజిగూడ ప్రసంగాన్నే కుదించి చెప్పాను. దారం రంగు దగ్గర జగదీశ్ అన్న తలూపడం, పొడుగు చేతుల జాకెట్టు దగ్గర మీరు మళ్లీ కళ్లు తుడుచుకోవడం గమనించి కలవరపడ్డాను. తర్వాత చెల్లి లేచింది. ఆమె ప్రసంగం చెయ్యలేదు. పీకో మిషను మీద చెయ్యి పెట్టి నిలబడి ఒక్కటే అడిగింది:

"అక్కా, ఎనిమిదేండ్ల సదువు సాలు అని గింత మంచిగ చెప్పనీకె, నీకు ఎన్నేండ్ల సదువు పట్టింది?"

నేను జవాబు చెప్పలేదు. పెద్దమ్మ తీర్పు చెప్పింది.

ఇక్కడే ఆ వాస్తవం. నా మౌనం ఉద్దేశపూర్వకం. ఆ ప్రశ్నకు నా వద్ద కనీసం మూడు సమాధానాలు ఉన్నాయి. చెల్లి భవిష్యత్తు కోసం వాటిని మింగి, తెలిసి తెలిసి ఓడిపోయాను. ఇది మీకొక్కరికే తెలియాలని రాస్తున్నాను.

మీ విధేయురాలు, స్వచ్ఛందంగా పరాజిత,
సంహిత

తా.క. మా కళాశాలలో ఎవరైనా అడిగితే సభ జరగలేదని చెప్పగలరు.

~

అమీర్‌పేట,
బుధవారం

బిడ్డ సంహితకు, నీ పెదబాపు మస్తు ప్రేమతోని దీవించి రాసేది.

బిందు సోమవారం బడికి పోయింది. మేడం నన్ను చూడంగనే రిజిస్టర్ మీద చెయ్యి పెట్టి, "ఇదే ఆఖరా అండీ?" అన్నది. "ఆఖరే మేడం, సభ అయిపోయింది" అన్న. "మీ ఇంట్లో అసలు ఎవరు నిర్ణయిస్తారండీ?" అన్నది. "ఇంతకుముందు తెలుసు మేడం, ఇప్పుడు తెల్వది" అన్న. అట్ల అనంగ ఆమె మొదటిసారి నవ్వింది.

ఇగ నువ్వు కావాల్నని ఓడిపోయిన అన్నవ్. బిడ్డా, కావాల్నని ఓడిపోయేటోళ్ళను నేను చూసిన. మీ పెద్దమ్మతోని నేను రోజు గదే చేస్త. కావాల్నని ఓడిపోయేటోళ్ళు ఏదో ఒకటి గునుగుతరు. నువ్వు ఏం చేసినవ్? బిందు అడగంగనే నీళ్ళ సీసా ఎత్తి తాగినవ్. మూత తియ్యలే. తాగి మూతి సుత తుడుసుకున్నవ్. దుకాణమంత చూసింది.

అయినా నీ మూడు సమాధానాలు దాసిపెట్టుకో. రేపు ఎవలన్న సర్కారోళ్ళు ఎదురుపడితె, ఎనిమిది సాలు అని వాళ్ళంటె, వాళ్ళను బిందు ప్రశ్ననే అడుగు. వాళ్ళు సుత మస్తు సదివినోళ్ళే ఉంటరు. ఒక్కటి మాత్రం ఒప్పుకుంట. నువ్వు రాసిన కారణాలన్ని నేను మర్సిపోయిన. ఓటు, చట్టం, వాయిదా, ఒక్కటి యాదికి లేదు. మా పొల్ల మిషను మీద చెయ్యి పెట్టి నిలబడ్డది మాత్రం యాదికున్నది. ఎనిమిదేండ్ల సదువుకే గిట్ల అడిగితె, పన్నెండేండ్లకు ఇంకేం అడుగుతదో వినాలని ఉన్నది.

పీకో మిషను సంగతి. నువ్వు పక్కకు పెట్టినా మీ పెద్దమ్మ పెట్టలే. తీర్పుల రెండో భాగం నువ్వు తొందరగ ఎల్లిపోయి వినలే. రోజు ఆమె కూసుంటది. ఆదివారం గిరాకి ఎక్కువ, ఆదివారం నువ్వు కూసుంటవ్. "చేతిపని సుత విశ్వవిద్యాలయమే అన్నది కదా, రమ్మను, సీటు ఇచ్చినం" అన్నది. జగదీశ్ నీకు దారం ఎక్కించుడు నేర్పుతడు. నోరు కట్టేసుకొని చెయ్యాల్సిన పని. నీకు కొత్త.

మెట్రోల ఒక్క స్టేషను. ఇంక ఉత్తరాలు రాయకు, మనిషివి రా. కోడికూర ఉంటది. ఉప్పు గిన్నె నీ పక్కకే పెడ్తరట.

నీ పెదబాపు,
ఎల్లేశం

తా.క. బిందు బడిల సుత వక్తృత్వ పోటీ పెట్టిన్రు. చీటీ తీస్తె దానికి "ఎనిమిది సాలు" అని వచ్చిందట. సోమాజిగూడల నువ్వు చెప్పిన ఉపన్యాసం కావాల్నట, ఆదివారం వచ్చేటప్పుడు తీసుకరా. గెలుస్తదని నాకు నమ్మకమే. నేను మాత్రం ఇననీకె పోతలేను. ఇన్ననంటె దాన్ని మల్ల బడి మాన్పిస్త.